జలపాతం వెనక గది

తన పేరు కోసం వెతకడం లేదని తనకి తానే చెప్పుకుంటూ ఆమె ప్రూఫుల కట్టలో చివరి పేజీ తీసింది. కృతజ్ఞతలు ఎప్పుడూ చివర్లోనే ఉంటాయి. కాగితం అమ్మినాయనకి ఉన్నాయి. కవరు బొమ్మలు వేసినాయనకి ఉన్నాయి. ఆఫీసు మెట్ల కింద సైకిళ్ళకి కాపలా కాసిన ముసలాయనకి కూడా ఉన్నాయి. రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా చదివింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. తనూ లేదు.

కట్ట మీద ‘నొక్కు! ఒక పిల్లల పత్రిక చరిత్ర’ అని ఉంది. వీడియో గేములాడే పిల్లల కోసం ముప్పై ఏళ్ళ కిందట నెలకొకటి చొప్పున నలభై ఎనిమిది సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రిక. అప్పటి పాఠకురాలొకామె, ఇప్పుడు పళ్ళ డాక్టరట, రెండేళ్ళు తిరిగి పాత సంచికలన్నీ పోగుచేసి ఈ చరిత్ర కూర్చింది. ఆదివారం ఆవిష్కరణ. ఆ లోపల రెండొందల కాపీలన్నా కుట్టి అట్టలెయ్యాలని ప్రెస్సు ఫోర్‌మన్ పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“మేడం, రేపు మధ్యాహ్నానికల్లా దిద్ది డాక్టరమ్మకి చూపించెయ్యండి. ఆవిడ సరేనంటే అచ్చు ప్లేట్లకి వెళ్ళిపోతాం. పిల్లల ఆటల పుస్తకమేగా, ఏముంటాయి తప్పులు!”

“చూస్తాగా” అంది ఆమె.

ముప్పై ఒకటో పేజీలో ఆఫీసు ఫొటో ఉంది. మధ్యలో ఎడిటరు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. పాఠకుల్లో ఎవరికీ ఆయన అసలు పేరు తెలీదు. ‘కెప్టెన్’ అంటేనే తెలుసు. ఆయన వెనక బల్ల మీద ఒక టీవీ, టీవీ మీదుగా పరిచిన నల్లగుడ్డ, గుడ్డ కింద నుంచి బయటికొచ్చిన రెండు పాదాలు. ఎడమ చెప్పుకి పిన్నీసు పెట్టి ఉంది. ఫొటో కింద ‘కెప్టెన్, ఆయన బృందం’ అని రాసుంది.

ఆ పిన్నీసు ఆమె పెట్టుకున్నదే. గుడ్డ కింద ఉంటే లైటు పడదు, తెర మీద బొమ్మ మసకబారదు. ఆట ఆపి, ఊపిరి బిగబట్టి, కెమెరా మీట నొక్కాలి. కొంచెం తొందరపడితే ఫొటోలో తెర మీదుగా నల్లటి పట్టీ పడుతుంది. ఒక్కో అంతస్తుకి నలభై, యాభై ఫొటోలు. కడిగించి, వరసగా అతికించి, వాటిని చూస్తూ గళ్ళకాగితం మీద ఒక ఇటుకకి ఒక గడి చొప్పున పటం గీయాలి. పిల్లలు ఆ పటాలు చింపి గోడలకి అంటించుకునేవాళ్ళు. ఆఫీసులో ఆమెని గళ్ళమ్మాయి అనేవాళ్ళు. ఆ పేరన్నా ఈ పుస్తకంలో ఎక్కడైనా ఉందేమోనని కాసేపు ఆశపడింది. తర్వాత ఆశపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పెన్సిలు తీసి పని మొదలుపెట్టింది. తేదీలు, సంచికల సంఖ్యలు, ఎగిరిపోయిన కామాలు. ఎనభై ఎనిమిదో పేజీలో ‘రాళ్ళకోట’ ఆట గురించి రాస్తూ అయిదో అంతస్తు తాళంచెవి నీలం రంగని వేశారు. అది ఎరుపు. ఆలోచించకుండానే దిద్దేసింది.

నూట పన్నెండో పేజీ కెప్టెన్ సొంత మాటల్లో ఉంది.

‘రాళ్ళకోట ఏడో అంతస్తులో జలపాతం వెనక రహస్యపు గది ఉందని అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. మూడు రోజులు తిండీ నీళ్ళూ మాని ఆ గోడ ముందు కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం గోడ జరిగింది. లోపల పెట్టె మెరుస్తోంది. ఆ క్షణం నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.’

ఆమె పెన్సిలు ఆగిపోయింది.

ఆ ఆటలో అలాంటి గది లేదు. ఎప్పుడూ లేదు. ఊళ్ళో ఇంకో పత్రిక ఆమె పటాలని ఉన్నదున్నట్టు, చెయ్యి జారిన చోట పడ్డ సిరా చుక్కతో సహా ఎత్తి వేసుకుంటుంటే, వాళ్ళని పట్టుకోవడానికి ఇరవై తొమ్మిదో సంచికలో జలపాతం వెనక ఎనిమిది గళ్ళు పొడుగు, ఆరు గళ్ళు వెడల్పు ఒక గది గీసి లోపల పెట్టె పెట్టింది. మరుసటి నెల ఆ పత్రికలో గదీ వచ్చింది, పెట్టే వచ్చింది. రెండు సంచికలూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసిందో! ఎడిటరుతో చెప్పాలనుకుంది. ఆయన ఆ రోజు ఏదో స్కూల్లో ఉపన్యాసానికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోపల పిల్లల ఉత్తరాలు మొదలయ్యాయి. గది దొరికిందని కొందరు, దొరకలేదని కొందరు. దొరికిందన్న పిల్లల ఉత్తరాలు చూశాక గది అబద్ధమని బయటపెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇక ఎవరికీ చెప్పలేదు.

ఈయన మాత్రం లోపలికి వెళ్ళొచ్చాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అనుమానమున్న చోట సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టడం ఆమె పని. పెన్సిలు మొన కాగితానికి వెంట్రుకవాసి దూరంలో నిలిచింది. పుస్తకం అచ్చయ్యాక, ఆట తెలిసినవాడు ఒక్కడు, ఒకే ఒక్కడు లేచి అడిగితే చాలు. ముప్పై ఏళ్ళ గొప్ప గాలి తీసిన బెలూనైపోతుంది. తను చేయాల్సిందేమీ లేదు. ఏమీ చేయకపోవడమే చేయాల్సింది.

పేజీ తిప్పేసింది. ప్రూఫులు దిద్దిన ఇరవై రెండేళ్ళలో చూసి కూడా వదిలేసిన తప్పు అదొక్కటే. ఒళ్ళంతా సన్నటి వణుకు పుట్టింది. అది భయం కాదని ఆమెకి కాసేపటికి గానీ అర్థం కాలేదు.

అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వదినా, ఆమే. సాయంత్రం ఆమె వెళ్ళేసరికి వదిన కుట్టుమిషన్ ముందు కూర్చుని ఏదో స్కూలు పిల్లల చొక్కాలకి జేబులు కుడుతోంది. నోట్లో గుండుసూదులు, అయినా మాటకి లోటు లేదు.

“ఏమే పిల్లా, మొహం మతాబులా వెలిగిపోతోంది? ఎవరికి మూడింది?”

“నాకు యాభై ఆరొచ్చాయి వదినా. పిల్లా ఏంటి?”

“నాకు అరవై మూడు. నేను బతికున్నంతకాలం నువ్వు పిల్లవే. చెప్పు, ఎవరికి?”

ఆమె చెప్పింది. వదిన పాదం మిషన్ మీద ఆగింది. గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుంది.

“అంటే ఇన్నాళ్ళకి ఆ మహానుభావుడు తన గోతిలో తనే పడబోతున్నాడన్నమాట.”

“నేను తవ్విన గోతిలో.”

“అదే మరి. తవ్వింది నువ్వని కూడా ఎవరికీ తెలీదుగా. రాక్షసుణ్ణి చంపి, చంపింది నేనేనని చెప్పుకోలేకపోతే కడుపు చల్లబడుతుందా నీకు?”

వదిన దారం కొరికి, జేబుని గోటితో నొక్కుతూ అంది. “నీ సంగతి నాకు తెలుసులే. మీ అన్నయ్య నీ పెన్ను తీసుకుని తిరిగివ్వలేదని ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు నువ్వు.”

“ఏడాది” అంది ఆమె.

మర్నాడు మధ్యాహ్నం ప్రూఫులు పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గదిలో లవంగాల నూనె వాసన. కుర్చీలో వెనక్కి వాలి ఒకాయన కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ అప్పుడే ఆయనకి మత్తు సూది వేసినట్టుంది.

“పావుగంట పడుతుంది చిగురు మొద్దుబారడానికి. కదలకండి” అని ఆయనతో చెప్పి, చేతి తొడుగులు విప్పి, కట్ట తీసుకుంది. నలభై దాటిన మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉంది. కళ్ళజోడు అద్దాలు సీసా అడుగంత మందంగా ఉన్నాయి. పేజీలు తిప్పడం చూస్తే ఏ పేజీ కోసం తిప్పుతోందో ముందే తెలిసినట్టుంది. ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. నూట పన్నెండు దగ్గర ఆగింది. మళ్ళీ ఎనభై ఎనిమిదికి వచ్చింది.

“అయిదో అంతస్తు తాళంచెవి ఎరుపని మీకెలా తెలుసండీ?”

“ఎక్కడో చదివాను.”

“నేనే పొరపాటున నీలం అని రాశాను. దాన్ని పట్టుకున్నారు. నలభై ఒకటో సంచిక నెల తప్పు పడితే అదీ పట్టుకున్నారు. నూట పన్నెండులో ఇంత పెద్ద అబద్ధం ఉంది, పెన్సిలు ఆనించలేదు.” డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఆమె మొహంలోకి చూసింది. “ఈ గది లేదని మీకు తెలుసు. కదా?”

కుర్చీలో ఆయన కనుబొమ్మలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“మీకూ తెలుసు. మరి మీరెందుకు వేశారు?” అంది ఆమె.

“ఆయన నోటితో ఆయన చెప్పిన అబద్ధం ఆయన పేరుతో అచ్చులో పడాలని. ఆదివారం స్టేజీ మీద పెద్ద తెర పెడుతున్నాను. పాత ఆటపెట్టె బాగుచేయించాను. పుస్తకం విడుదలయ్యాక ఆ పేజీ నేనే చదివి, రిమోట్ ఆయన చేతికిస్తాను. వెళ్ళండి సార్, గది చూపించండి అంటాను.” డాక్టరమ్మ గొంతులో ఉద్రేకం లేదు. ఏ పన్ను ఎప్పుడు పీకాలో చెప్తున్నట్టుంది. “ఉడత గుర్తుందేమో మీకు, పత్రిక చదివినవాళ్ళైతే.”

‘నొక్కు’కి రాసే పిల్లలు అసలు పేర్లు వాడేవాళ్ళు కాదు. ఒక్కొక్కరికీ ఒక మారుపేరు ఉండేది. అది ఆ పత్రికలో ఆచారం. ఉడత ఆమెకి గుర్తుంది.

“నేనే ఉడతని. గది లేదని పదిహేడు ఉత్తరాలు రాశాను. పదిహేడో దానికి జవాబు అచ్చేశారు. ‘ఉడతా! గది ఉంది. నీకే కళ్ళు లేవు. మీ అమ్మనడిగి ఒక జత కొనిపించుకుని మళ్ళీ వెతుకు. కెప్టెన్.’ నాకప్పటికే ఈ అద్దాలు. ఉడత నేనేనని క్లాసులో అందరికీ తెలుసు, గొప్పగా నేనే చెప్పుకున్నాను కాబట్టి. ఇక చూడండి. ఉడతా, ఇదిగో ఇక్కడ తలుపుంది, కనపడలేదా అని గోడ దగ్గరికి తీసుకెళ్ళి తోసేవాళ్ళు. రోజూ.” చూపుడువేలి గోటితో ముందుపన్ను మీద టకటకా కొట్టింది. “ఇది కట్టుడు పన్ను. అందుకే ఈ వృత్తిలోకొచ్చాననుకోకండి. మార్కులు చాలక పెద్ద డాక్టరు సీటు రాలేదు, అంతే.”

కుర్చీలో ఆయన సానుభూతిగా “ఆఁ... ఆఁ” అన్నాడు.

“మీరు మాట్లాడకండి, నాలుక కొరుక్కుంటారు” అని డాక్టరమ్మ ఇటు తిరిగింది. “ఇప్పుడు మీ సంగతి చెప్పండి.”

“పటాలు నేను గీశాను” అంది ఆమె. ఆ మూడు ముక్కలూ బయటికి రావడానికి ఎంతో దూరం నడిచొచ్చినట్టు అనిపించింది.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. “అన్నీ? నలభై ఎనిమిది సంచికలవీ? ఆయన ఒక్కసారి కూడా... నేను పదిసార్లు అడిగాను, పటాలెవరు గీసేవాళ్ళు సార్ అని. అవన్నీ మనవేనమ్మా అనేవాడు.” ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళు చల్లగా, మందుపొడి అంటి నున్నగా ఉన్నాయి. “ఆదివారం రండి. ఆయన గోడకి గుద్దుకోగానే మిమ్మల్ని స్టేజీ మీదకి పిలుస్తాను. అందరి ముందూ చెప్తాను, ఈ పటాలు గీసింది ఈవిడ అని. ఇప్పుడే పుస్తకంలో వేస్తే ఆయన ముందే చూసి జాగ్రత్తపడతాడు, రెండో ముద్రణలో పేరు వేస్తాను. ఒక్కటి చెప్పండి. ఆ గది ఎవరు పెట్టమన్నారు?”

కుర్చీలో ఆయన కూడా ఆమె వంకే చూస్తున్నాడు.

“ఆదివారం ఆయన్నే అడగండి” అంది ఆమె.

మెట్లు దిగుతుంటే అంతా గుర్తొచ్చింది. పదిహేడో ఉత్తరం ఆమె బల్ల మీదకే వచ్చింది. వారానికి మూడొందల ఉత్తరాలు. అన్నీ చదివేదీ, కెప్టెన్ గొంతుతో జవాబులు రాసేదీ ఆమే. సంచిక బయటికొచ్చాక ఎడిటరు వాటిని చదువుకుని, “బాగా రాశాన్రా!” అనుకునేవాడు. అనుకోవడమే కాదు, నమ్మేవాడు. ఆ ఉత్తరంతో ఒక గళ్ళకాగితం ఉంది. జలపాతం వెనక గోడలోని ప్రతి ఇటుకా, ముప్పై రెండూ, ఆకుపచ్చ పెన్సిలుతో గీసి, అంకెలు వేసి, ఒక్కొక్క దాన్ని ఎన్నిసార్లు నెట్టిందీ పక్కన రాసింది ఆ పిల్ల. కింద ఒక్కటే వాక్యం. ‘ఈ పటం తప్పు, నా పటం ఒప్పు.’ అది నిజం. ఆమె గీసిన ఏ పటమూ అంత శ్రద్ధగా లేదు. చూస్తుంటే ఒళ్ళు మండింది. పదేళ్ళ పిల్ల తన బల్ల మీదకొచ్చి తన పని తనకే దిద్ది చూపిస్తోంది. ఆ మంటలోనే రాసింది. రాసి, ‘ఒక జత కొనిపించుకుని’ అన్న ముక్కకి తనే నవ్వుకుంది కూడా.

అద్దాల సంగతి నాకెలా తెలుస్తుంది, అనుకుంది వీధి మలుపులో. రెండో మలుపు దాకా అదే అనుకుంటూ నడిచింది. మూడో మలుపు దగ్గర ఇంకో ఆలోచన మెల్లగా పైకొచ్చింది. ఆ జవాబు కింద ఉన్నది తన పేరు కాదు. పేరు మింగినవాడికి దాంతోపాటు ఎముక కూడా గొంతులో పడింది. ఆదివారం అది అడ్డం తిరుగుతుంది. తను చేసిన దానికి ఆయన అనుభవిస్తాడు, ఇన్నేళ్ళూ తను చేసిన వాటికి ఆయన దండలు వేయించుకున్నట్టే. లెక్క సరిపోయింది. ఇంతకంటే పొందికైన న్యాయం ఎవరైనా కూర్చి పెట్టినా దొరకదు.

శుక్రవారం ప్లేట్లు వెళ్ళాయి. ఆ రాత్రి, ఉడతకి జవాబు రాసింది తనేనని వదినకి చెప్పింది. శనివారం వదిన ఆమె గోధుమరంగు కోటుకి మోచేతుల దగ్గర అరిగిన చేతులు విప్పి మళ్ళీ కుట్టింది. “స్టేజీ ఎక్కితే అందరి కళ్ళూ మోచేతుల మీదే ఉంటాయి” అంది. ఎక్కాక ఏం మాట్లాడతావని అడిగింది. ఆమె అద్దం ముందు నిలబడి నమస్కారమని మొదలుపెట్టింది.

“అంత మెత్తగానా? పగ తీర్చుకోవడానికొచ్చినదానివా, ఓటడగడానికొచ్చావా?” అని వదిన నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. “ఆ డాక్టరు పిల్లకి జవాబు సంగతి చెప్పావా?”

“ఎందుకు చెప్పాలి?”

“చెప్పమన్నానా? చెప్పావా అని అడిగాను.”

ఆదివారం లైబ్రరీ పై అంతస్తు హాలు నిండిపోయింది. బట్టతలలు, నెరిసిన గడ్డాలు, వెంట తెచ్చుకున్న పిల్లలు. నలభై దాటిన మగాళ్ళు ఒకర్నొకరు “ఒరే తాబేలూ!”, “నువ్వా రాకెట్టూ!” అని మారుపేర్లతో పిలుచుకుని కావలించుకుంటున్నారు. కెప్టెన్ గుమ్మంలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. జుట్టంతా తెల్లబడింది. నిటారుతనం తగ్గలేదు. దారిలో అందరి భుజాలూ తడుతూ వస్తూ ఆమె దగ్గర ఆగాడు.

“గళ్ళమ్మాయ్! నువ్వేనా? ఎక్కడికి పోయావు ఇన్నేళ్ళూ?”

“ఇక్కడే ఉన్నాను సార్.”

“ఇక్కడే ఉండి కనపడకపోవడమేంటి!” ఆయన కళ్ళలో నిజంగానే సంతోషం ఉంది. అది ఆమెని అన్నిటికంటే ఎక్కువగా గుచ్చింది. తనకి అన్యాయం చేశానన్న ఎరుక ఆయనకి లేశమైనా ఉంటే కొంత క్షమించగలిగేదేమో. ఆయన మనసులో ఆ చోటే ఖాళీ.

అయిదో వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ స్టేజీ మీద నుంచి ఆమెని చూసి తల ఊపింది. పుస్తకం విప్పి నూట పన్నెండో పేజీ చదివింది. హాలంతా చప్పట్లు. దీపాలు తగ్గాయి. పెద్ద తెర మీద నీలి జలపాతం చుక్కలు చుక్కలుగా దూకుతోంది.

“రిమోట్ తీసుకోండి సార్. ఆ గది మాకు చూపించండి.”

“నా వేళ్ళకి వయసొచ్చిందమ్మా. ఎవరైనా కుర్రాళ్ళకివ్వు.”

“లేదు సార్. మీరే.”

నవ్వులు. కెప్టెన్ రిమోట్ తీసుకున్నాడు. తెర మీద బుల్లి సైనికుడు నీళ్ళ వెనక్కి వెళ్ళి రాతిగోడని ఢీకొన్నాడు. ఠప్. వెనక్కొచ్చి మళ్ళీ. ఠప్. “ఇంకాస్త కుడికి కెప్టెన్!” అని ఎవరో అరిచారు. ఠప్. ఆమె మనసులో లెక్కపెడుతోంది. ఆరు. ఏడు. అరుపులు తగ్గాయి. ఎనిమిది. తొమ్మిది. హాల్లో ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుకి జరిగింది.

ఆయన పైకప్పు కేసి చూశాడు. మాట దొరకనప్పుడు ఆయన పైకప్పు చూస్తాడు. ఎన్నోసార్లు చూసింది ఆమె. నాలుగు ఊపిర్ల సేపు. తర్వాత రిమోట్ మెల్లగా బల్ల మీద పెట్టి నవ్వాడు.

“దొరికిపోయాను.”

హాలు వైపు తిరిగాడు.

“ఈ గది లేదు పిల్లలూ. ఎప్పుడూ లేదు. అప్పట్లో ఇంకో పత్రిక మన పటాలు ఎత్తేస్తుండేది, గుర్తుందా? దొంగని పట్టుకోవాలంటే ఎరవెయ్యాలి కదా? నేనే వేశాను. ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకున్నాను. ఆ పుస్తకంలో కూడా ఊరికే రాయలేదు, ఎవడు పట్టుకుంటాడో చూద్దామనే రాశాను. మొత్తానికి మన డాక్టరమ్మ పట్టుకుంది!”

హాలు బద్దలైంది. ఈలలు, చప్పట్లు, కాళ్ళతో నేల మీద దరువులు. తాబేలు అనే ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. “నేను చిన్నప్పుడు దొరికిందని కోతలు కోశాను కెప్టెన్!” అని ఒకరు, “నేనూ!” అని ఇంకొకరు. అబద్ధమాడిన పిల్లలందరికీ ఇవాళ విడుదల దొరికినట్టుంది.

ఆమె కుర్చీ అంచునే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు తను గుండెల్లో మోసినదాన్ని ఆ మనిషి నాలుగు ఊపిర్లలో గాలిలోంచి పట్టుకున్నాడు. ఊహించి చెప్పాడు, సరిగ్గా అదే చెప్పాడు.

డాక్టరమ్మ మైకు మళ్ళీ అందుకుంది. “మరి ఉడత? గది లేదని తెలిసి కూడా, ఆ పిల్లకి అలాంటి జవాబెందుకు రాశారు సార్?” అని, కాగితం తీసి ఆ జవాబు చదివింది.

కెప్టెన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. “ఉడత” అన్నాడు. “ఆ ముక్క రాసిన రాత్రి నాకు నిద్రపట్టలేదమ్మా. రహస్యం బయటపడుతుందని భయపడి ఒక పసిపిల్లని మాటతో కొట్టాను. ఆ పాప ఎక్కడుందో.”

“నేనే సార్.”

ఆయన రెండు చేతులూ జోడించాడు. “తప్పయిపోయింది తల్లీ” అన్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. అద్దాలు లేని ఆ మొహం పదేళ్ళ పిల్ల మొహంలా ఉంది. ఆయన దగ్గరికి తీసుకోగానే భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. హాల్లో సగంమంది ఏడుస్తున్నారు.

తనని పిలుస్తుందని ఆమె ఇంకా ఎదురుచూసింది. డాక్టరమ్మ ఏడ్చింది, నవ్వింది, ఆయన పక్కన నిలబడి ఫొటో దిగింది. దీపాలు పూర్తిగా వెలిగాయి. జనం పుస్తకాల బల్ల దగ్గరికి కదిలారు. ఆమె గుర్తే రాలేదు.

ఇంటికి వెళ్ళిపోవచ్చు. తను చేసిన తప్పుకి వేరొకరు క్షమాపణ చెప్పేశారు, ఎదుటివాళ్ళు పుచ్చుకున్నారు కూడా. ఆ పిల్ల మనసు తేలికపడింది. ఇంక ఎవరికీ ఏమీ అక్కర్లేదు. మెట్ల దాకా వెళ్ళింది. రెయిలింగు మీద చెయ్యి వేసింది. పటాలు ఇచ్చేసింది, జవాబులు ఇచ్చేసింది, ఇప్పుడు ఆయన గదినీ తీసుకున్నాడు. ఆ క్రూరత్వం కూడా తీసుకున్నాడు. దాన్ని కూడా అందంగా చేసి, దాని మీద కన్నీళ్ళు పెట్టుకుని, తనదే అన్నాడు.

వెనక్కి తిరిగింది.

డాక్టరమ్మ స్టేజీ పక్కన వైర్లు చుడుతోంది. ఆమెని చూసి నాలుక కరుచుకుంది. “అయ్యో, మిమ్మల్ని పిలవనేలేదు! ఆయన అలా అనేసరికి నాకు ఒళ్ళు తెలీలేదండీ. ఏమీ అనుకోకండి. చూశారా, పాపం, ముప్పై ఏళ్ళుగా మనసులో పెట్టుకున్నాడట.”

“ఆయన మీ ఉత్తరం చూడలేదు” అంది ఆమె.

“ఏంటి?”

“పదిహేడో ఉత్తరంలో గళ్ళకాగితం. ఆకుపచ్చ పెన్సిలు. ముప్పై రెండు ఇటుకలు. పందొమ్మిదో ఇటుకని నలభైసార్లు నెట్టానని రాశారు. కింద, ‘ఈ పటం తప్పు, నా పటం ఒప్పు’ అని.”

డాక్టరమ్మ చేతుల్లో వైరు జారి నేల మీద పడింది. ఆ కాగితం గురించి పుస్తకంలో లేదు. ఎవరికీ చెప్పలేదు.

“గది నేనే గీశాను. ఎవరూ గీయమనలేదు. ఆ జవాబూ నేనే రాశాను. జవాబులన్నీ నేనే రాసేదాన్ని.”

బల్ల దగ్గర కెప్టెన్ ఎవరి పుస్తకం మీదో సంతకం చేస్తూ పగలబడి నవ్వుతున్నాడు. డాక్టరమ్మ అటు చూసింది. మళ్ళీ ఇటు చూసింది. డాక్టరమ్మ మొహంలోంచి ఆ కాసేపటి తేలికదనం మెల్లగా దిగిపోవడం కనిపిస్తోంది. తను చేస్తున్నదేమిటో ఆమెకి తెలుసు. ఆపలేదు.

“నా పటం ఒప్పని మీకు తెలుసా? అప్పుడే?”

“అప్పుడే తెలుసు.”

“తెలిసే రాశారు.”

“తెలుసు కాబట్టే రాశాను.”

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఆ మందపు అద్దాల వెనక నుంచి ఆమెని కాళ్ళ నుంచి తల దాకా నిదానంగా చూసింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెని అంత పూర్తిగా చూడలేదు.

“నేనాయన్ని క్షమించేశానండీ” అంది చివరికి, దాదాపు గుసగుసగా. “క్షమించడానికి నా దగ్గర ఉన్నది అంతే. అయిపోయింది.”

“నేను అడగడానికి రాలేదు.”

“తెలుస్తోంది.” డాక్టరమ్మ సంచీలోంచి చిన్న నోటుపుస్తకం, పెన్ను తీసింది. గొంతు మళ్ళీ ఆ రోజు క్లినిక్‌లోలాగే, పన్ను పీకే ముందరి గొంతులా అయింది. “రెండో ముద్రణ ఉంది. నూట పన్నెండో పేజీ తీసేస్తాను. ఆ చోట నా ఉత్తరం వేస్తాను, దాని కింద మీ జవాబు వేస్తాను, క్లాసు పిల్లలు నన్ను ఏ గోడకి తోశారో అంతా రాస్తాను. పటాలు గీసింది ఈవిడ, జవాబులు రాసింది ఈవిడ అని మొదటిసారి మీ పేరు అక్కడే వస్తుంది. ఇంకెక్కడా రాదు. పేరు చెప్పండి.”

ఆమె చెయ్యి చాచి పెన్ను తీసుకుంది. చెవికి వినపడ్డట్టు రాసుకుంటే జనం ఎప్పుడూ తన ఇంటిపేరు తప్పు రాస్తారు. నోటుపుస్తకాన్ని స్టేజీ చెక్క మీద ఆనించి, పేరంతా విడి విడి అక్షరాల్లో, ఎవరూ పొరపడటానికి వీల్లేకుండా, గట్టిగా నొక్కి రాసింది.